అరుంధతి చాలదు, కరెంటు బిల్లు కావాలి

పట్టపగలు పదకొండున్నరకు ముహూర్తం. తాళి కట్టడం అయ్యాక పురోహితుడు దంపతుల్ని ఫంక్షన్ హాలు బయటికి తీసుకొచ్చి, కార్ల పార్కింగు మీదుగా ఆకాశంలోకి వేలు చూపించి, "అదిగో అరుంధతీ నక్షత్రం, కనబడిందా?" అంటాడు. మండుటెండలో కళ్లు చికిలించి అబ్బాయి "కనబడింది" అంటాడు. అమ్మాయీ "కనబడింది" అంటుంది. ఆలుమగలు జంటగా ఆడే మొదటి అబద్ధం అది. ఇద్దరి మాటా ఒకటే అయింది కనుక పెళ్లి జరిగినట్టే లెక్క.

అమెరికా ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు చూసేదీ ఇద్దరి మాటా ఒకటవుతుందా లేదా అనే. కాకపోతే ఆయన నక్షత్రాల జోలికి పోడు. కాపురం మీద అనుమానం వస్తే భార్యను ఒకసారి, భర్తను ఒకసారి విడివిడిగా కూర్చోబెట్టి, మంచానికి కిటికీ వైపు ఎవరు పడుకుంటారు, నిన్న రాత్రి కూరేమిటి, చెత్తబుట్ట బయట పెట్టేదెవరు, టూత్‌బ్రష్షులు ఏ రంగువి అని అడుగుతాడు. వాళ్ల పరిభాషలో దీని పేరు స్టోక్స్ ఇంటర్వ్యూ. 1970లలో న్యూయార్క్‌లో ఈ ఆరాల తీరు మీద కోర్టుకెక్కారు. ముందుగా నోటీసివ్వాలి, లాయర్ని వెంట రానివ్వాలి అని 1976లో ఒప్పందం కుదిరింది. ఆరా మాత్రం ఆగలేదు. దావా వేసినవాళ్ల పేరే దానికి స్థిరపడిపోయింది.

ఈ పరీక్షలో మన మగమహారాజుల గతి ఏమిటో ఊహించుకోండి. నిన్న రాత్రి కూరేమిటి? ఆయన ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో తిన్నాడు. "ఏదో ఆకుపచ్చగా ఉంది సార్" అంటాడు. పక్క గదిలో ఆవిడ "బీరకాయ, అదీ పొట్టుతో పచ్చడి కూడా చేశాను" అంటుంది. జవాబులు కలవలేదు. నన్నడిగితే కాపురం నిజమనడానికి అంతకన్నా గట్టి రుజువు ఉండదు. కూర పేరు, అందులో వేసిన పోపు, తిన్నాక తను అన్న మాట, మూడూ పొల్లుపోకుండా చెప్పిన మొగుడు దొరికితే మాత్రం వెంటనే అరెస్టు చేయాలి.

ఇంతకీ ఈ బాధ ఎవరికి? అమెరికా పౌరుణ్ని లేదా పౌరురాలిని చేసుకున్నవాళ్లకు. ఉద్యోగం దారిలో గ్రీన్ కార్డుకు వెళ్లే మనవాళ్లకు ఏ దేశానికీ 7 శాతం మించి ఇవ్వకూడదన్న నిబంధన అడ్డుపడి, క్యూ దశాబ్దాల పొడవుంది. పౌరుల భార్యకూ భర్తకూ మాత్రం ఆ లెక్కల్లేవు, క్యూ లేదు. ఈ సంగతి ఇమ్మిగ్రేషన్ లాయర్ల కంటే ముందు కనిపెట్టింది మన పెళ్లిళ్ల పేరయ్యలు. హెచ్1బీ సంబంధానికి ఒకప్పుడు ఉన్న ధర ఇప్పుడు లేదు. "అబ్బాయి సిటిజన్ అండీ" అన్న మాట ఫోన్లో వినపడగానే అవతల అమ్మాయి తండ్రి కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడతాడు. బయోడేటాలో వరసే చూడండి. ఇంటిపేరు, గోత్రం, వెంటనే వీసా స్టేటస్. ఆ తర్వాత ఎత్తు, రంగు, నక్షత్రం. స్వభావానికి గడి లేదు.

చట్టం ఏమంటుందంటే, వలస ప్రయోజనం కోసమే చేసుకున్న పెళ్లి మోసం. అయిదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా. ఒకసారి ఆ ముద్ర పడితే తర్వాత నిజంగానే ప్రేమించి ఇంకొకరిని చేసుకున్నా ఆ దరఖాస్తూ చెల్లదు. ఇది చదివి మన తండ్రులు బయోడేటాలు చించి పారేయనక్కర్లేదు. పెళ్లి చేసుకునేటప్పుడు కలిసి బతుకుదామన్న ఉద్దేశం ఇద్దరికీ ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న అని అక్కడి కోర్టులు 1975లోనే తేల్చాయి. కలిసి బతికే ఉద్దేశం నిజమైతే, పక్కన గ్రీన్ కార్డు మీద ఆశ ఉండడం నేరం కాదు. అంటే అబ్బాయి పౌరసత్వం చూసి పిల్లనివ్వచ్చు, ఆ తర్వాత ఆ పిల్ల అబ్బాయితో కాపురం చేస్తే చాలు. మన పెద్దలు కొన్ని తరాలుగా భూమినీ ఉద్యోగాన్నీ చూసి పిల్లనిచ్చి, కాపురం సంగతి ఆవిడకే వదిలేశారు కదా. అమెరికా న్యాయమూర్తులకు తెలియకుండానే మన పెళ్లిచూపులకు చట్టబద్ధత దొరికింది.

సరే, ఉద్దేశం గుండెలో ఉంటుంది. దాన్ని స్కాన్ చేసి అప్‌లోడ్ చేయడం ఎలా? అందుకే భార్య కోసమో భర్త కోసమో పెట్టే ఐ-130 దరఖాస్తు సూచనల్లోనే దారి చూపించారు. ఉమ్మడి ఆస్తి, ఇద్దరి పేర్లున్న అద్దె ఒప్పందం, కలగలిసిన డబ్బు లెక్కలు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, తెలిసినవాళ్ల అఫిడవిట్లు. ఇందులో పిల్లల సంగతి చూసి నేను ముచ్చటపడ్డాను. బిడ్డ పుడితే ఫైలు గట్టిపడుతుందని వాషింగ్టన్ అంటోంది. పిల్లలు పుడితే అన్నీ సర్దుకుంటాయని మన బామ్మలు ఎప్పుడో అన్నారు. రెండు దేశాల విధానం ఇంత చక్కగా కలిసిన చోటు ఇంకోటి నాకు కనబడలేదు.

కలగలిసిన డబ్బు దగ్గరే మనకు చిక్కు. మన అబ్బాయి డబ్బు కలగలిసే ఉంటుంది, కాకపోతే వాళ్ల నాన్నతో. బ్యాంకు ఖాతా తండ్రీకొడుకుల పేరున, ఫ్లాటు తల్లీకొడుకుల పేరున, పొలం అన్నదమ్ముల పేరున. కోడలి పేరున్నది ఒక్క శుభలేఖ మీదే. లాయరు "జీవిత బీమాలో నామినీగా భార్య పేరు ఉంటే మంచిది" అంటాడు. అబ్బాయి శనివారం రాత్రి, విజయవాడలో ఆదివారం ఉదయం, ధైర్యం చేసి ఫోను చేస్తాడు.

"అమ్మా, ఆ ఇన్సూరెన్సులో నీ పేరు తీసి తన పేరు పెట్టాలంటున్నారే. గ్రీన్ కార్డు కోసం."

"నేనింకా బతికే ఉన్నాను కదరా."

"నువ్వు కాదమ్మా, నేను పోతే వచ్చే డబ్బు."

"పెళ్లై ఆరు నెలలు కాలేదు, అప్పుడే నువ్వు పోతే వచ్చే డబ్బు గురించి మాట్లాడిందా ఆ అమ్మాయి?"

"తను కాదే, గవర్నమెంటు అడుగుతోంది."

"ఏ గవర్నమెంటైనా సరే, అది పోయే డబ్బే. మీ నాన్నకిస్తున్నా, మాట్లాడు."

ఫోను నాన్న చేతికి వెళుతుంది, అక్కణ్నించి బావగారి చేతికి, చివరికి నామినీ మారదు. కోడలు మంచిది కనుక ఊరుకుంటుంది. పాపం ఆ అత్తగారికి తెలియని సంగతి ఒకటుంది. అబ్బాయి కంపెనీలో నెలనెలా కోసుకుని దాచే 401కె పదవీవిరమణ సొమ్ముకు, పెళ్లయ్యాక అక్కడి కేంద్ర చట్టం ప్రకారం సాధారణంగా భార్యే వారసురాలు. కాగితం మీద ఎవరి పేరున్నా సరే, వద్దని ఆవిడ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప మారదు. ఈ పత్రిక దయచేసి ఎవరూ విజయవాడకు పంపకండి.

ఇక ఫొటోలు. ఫొటోలకు మనకు కొరతేమిటి! డ్రోను తీసినవి, క్రేను తీసినవి, పెళ్లికి ముందే రుషికొండ బీచిలో అద్దె కారెక్కి చున్నీ గాల్లోకి ఎగరేసుకుంటూ తీయించుకున్నవి. కానీ ఆఫీసరు వెతికేది వేరే. ఏళ్ల తరబడి, వేర్వేరు చోట్ల, అయినవాళ్లతో కలిసి మామూలుగా కూర్చున్న ఫొటోలు. మన ఆల్బంలో నాలుగు వందల ఫొటోలూ ఒక్కటే: స్టేజీ మీద రెండు కుర్చీలు, మధ్యలో ఒకే నవ్వు అతికించుకున్న ఇద్దరు, అటూ ఇటూ కవరు పట్టుకున్న మనుషులు. ఆఫీసరు ఒకాయన మీద వేలు పెట్టి "ఈయనెవరు?" అంటే పెళ్లికూతురు అబ్బాయి తరఫు అనుకుంటుంది, పెళ్లికొడుకు అమ్మాయి తరఫు అనుకుంటాడు. ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చిన పక్క హాలు బంధువు. తెలుగు పెళ్లి ఫొటోలో ఉన్నవాళ్లందరి పేర్లూ దంపతులకు తెలుసంటే అది స్టూడియోలో పెట్టిన సెట్టింగే.

వాట్సాప్ సంభాషణలూ జతచేయమంటారు లాయర్లు. దొంగ పెళ్లి జంట ఈ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుంటుంది. "నువ్వు లేక నిద్ర పట్టడం లేదు బంగారం", హృదయం బొమ్మలు, ప్రతి ఇరవై నిమిషాలకోసారి, టైముతో సహా. అసలు దంపతుల ఫోన్లో ఏముంటుంది? "పాలు." "సరే." "పెరుగు కూడా." మూడు గంటల మౌనం. "వస్తున్నావా?" రెండు నీలి టిక్కులు. అంతే. ప్రేమ పొంగే సంభాషణ ఆవిడ ఫోన్లోనూ ఉంది, కాకపోతే వాళ్లమ్మతో. రోజూ గంటన్నర వీడియో కాలు. ఆ లాగ్ చూసిన ఆఫీసరు గ్రీన్ కార్డు అత్తగారికివ్వాలా అని అడిగినా ఆశ్చర్యం లేదు.

అసలు మన ఆచారమే ఈ దరఖాస్తుకు పగ పట్టింది. పెళ్లైన కొత్తలో విడిగా ఎందుకున్నారు అని ఆఫీసరు అడుగుతాడు. ఆషాఢమండీ, పుట్టింటికి పంపేశారు. ఆ ముందు నెలలు? మూఢం. మరి రిజిస్ట్రేషను జనవరిలో, పెళ్లి ఫొటోలు మే నెలవి, మీకు పెళ్లైంది ఎప్పుడు?

ఇది తమాషా ప్రశ్న కాదు. అబ్బాయికి సెలవు పది రోజులే దొరికిందని, వీసా కాగితాలు తొందరగా కదలాలని, ముందు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు కానిచ్చి, ముహూర్తానికి తర్వాత తీరిగ్గా పెళ్లి చేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. రిజిస్ట్రారుకు పెళ్లి ఫొటో చూపాలి కనుక గుళ్లో ఒక దండల ఫొటో. ఈ పద్ధతి మీద 2024 ఏప్రిల్లో మన సుప్రీంకోర్టే మండిపడింది. హిందూ వివాహ చట్టం ప్రకారం ఆచారమేదీ జరగకుండా ఉత్త సర్టిఫికెట్టు తెచ్చుకుంటే అది పెళ్లి కాదంది జస్టిస్ నాగరత్న ధర్మాసనం. విదేశీ వీసాల కోసం ముందే రిజిస్టరు చేయించుకునే అలవాటును పేరు పెట్టి మరీ తప్పుపట్టింది. కాబట్టి పరిస్థితి ఇదీ: ఏడడుగులు లేని కాగితం ఢిల్లీలో చెల్లదు, కాగితం లేని ఏడడుగులు అమెరికాలో చెల్లవు. మధ్యలో ఉన్న అమ్మాయి, వలస వీసాలు చూసే ముంబై కాన్సులేటు ముందు, రెండు ఫైళ్లు చంకన పెట్టుకుని నిలబడుతుంది.

అఫిడవిట్ల సంగతి రెండు మాటల్లో. వీళ్ల కాపురం నిజమని తెలిసినవాళ్లు తమ పుట్టిన తేదీ, ఊరు, చిరునామాతో సహా ప్రమాణపత్రం రాయాలి. వీకెండు పాట్‌లక్కులో బిర్యానీ తిన్న స్నేహితులు నలుగురు ముందుకొస్తారు. రాసేది మాత్రం అబ్బాయే, నాలుగూ. నలుగురికీ ఒకే చోట కామా తప్పుతుంది.

ఇంత పకడ్బందీ ఎందుకొచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1986లో అమెరికా కాంగ్రెసు దొంగ పెళ్లిళ్ల మీద ప్రత్యేక చట్టం చేసింది. రీగన్ సంతకం పెట్టాడు. వలస దరఖాస్తులకు ఆధారమైన పెళ్లిళ్లలో 30 శాతం మోసాలే అని అప్పటి ఇమ్మిగ్రేషన్ శాఖ చట్టసభ ముందు చెప్పింది. ఆ అంకెకు ఆధారమైన సర్వే నిలబడేది కాదని తర్వాత కోర్టులో తేలింది. అప్పటికి చట్టం వచ్చేసింది, ఇప్పటికీ ఉంది. ప్రతి జంటనూ రుజువేదీ అని అడిగే చట్టం, సరైన రుజువు లేని అంకె పుణ్యాన పుట్టింది. ఆ శాఖను మాత్రం ఏ ఆఫీసరూ గదిలో విడిగా కూర్చోబెట్టి అడగలేదు.

ఆ చట్టంలోనే ఒక చిన్న చమత్కారం ఉంది. కాబోయే భర్త దగ్గరికి కె-1 వీసా మీద వెళ్లాలంటే, గత రెండేళ్లలో ఇద్దరూ ఒక్కసారైనా ముఖాముఖి కలిసి ఉండాలి. పెళ్లికి ముందు చూసుకోకూడదన్న కఠినమైన ఆచారం ఉన్నవాళ్లకు మినహాయింపు ఇవ్వచ్చు. తెరచాటు పెట్టి జీలకర్ర బెల్లం పెట్టించే మన వాళ్లను దృష్టిలో పెట్టుకునే రాశారేమో అనిపిస్తుంది. అయితే ఒకటి, ఆ ఆచారం నిజంగా పాటిస్తున్నామని మళ్లీ కాగితాలతో రుజువు చేయాలి.

నవ్వుకోవడానికి ఇంతవరకూ బాగానే ఉంది. అసలు మెలిక ఆ 1986 చట్టం పెట్టిన షరతులో ఉంది. అమెరికాలో నివాస హోదా వచ్చే నాటికి పెళ్లై రెండేళ్లు నిండకపోతే, ఇచ్చేది రెండేళ్ల తాత్కాలిక కార్డే. గడువు ముగియడానికి ముందు 90 రోజుల్లో ఐ-751 అనే దరఖాస్తు ఇద్దరూ కలిసి సంతకం పెట్టి పంపాలి. మళ్లీ బ్యాంకు కాగితాలు, మళ్లీ ఫొటోలు. చూడ్డానికి సమానమే, రెండు సంతకాలు. కానీ ఆయన సంతకం పెట్టకపోతే ఆయనకు పోయేదేమీ లేదు. ఆవిడకు దేశమే పోతుంది. రెండేళ్లపాటు ఒక మనిషి జేబులో ఇంకో మనిషి బతుకు పెట్టి, దాన్ని మోసాన్ని అరికట్టడం అన్నారు.

ఈ రెండేళ్లలో ఏం జరుగుతుందో తెలుగు ఇళ్లలో తెలియనివాళ్లు లేరు, మాట్లాడేవాళ్లే తక్కువ. కట్నం బాకీ గుర్తుచేసే ఫోన్లు, పాస్‌పోర్టు ఆయన సొరుగులో, ఆవిడ పేరున సిమ్ము కూడా లేకపోవడం. "నోరెత్తితే సంతకం పెట్టను" అన్న ఒక్క మాట. ఇక్కడ అమ్మానాన్నలేమో "కార్డు వచ్చేదాకా ఓర్చుకో తల్లీ" అంటారు. ఇంతమంది ఎన్నారై అల్లుళ్ల మంచితనం గురించి పెళ్లి పందిట్లో మైకులో చెప్పే మనం, ఈ మాట ఒక్కటీ ఎవరికీ చెప్పం.

ఇంకా ఘోరం ఏమిటంటే, అలాంటి ఇంట్లోంచి బయటపడ్డ ఆడమనిషి కూడా ఆ పెళ్లి నిజమైనదేనని రుజువు చేయాలి. మోసపోయింది ఆవిడ, మోసం చేయలేదని నిరూపించుకోవాల్సిందీ ఆవిడే. లీజు ఆయన పేరున, కరెంటు ఆయన పేరున, ఖాతా వాళ్ల నాన్న పేరున. ఆవిడ దగ్గర ఉన్నది పెళ్లి ఆల్బం ఒక్కటే, అందులో ఎవరో తెలియని ఆ పక్క హాలు బంధువుతో సహా.

అందుకని అమ్మాయిని పంపే తల్లిదండ్రులకు చెబుతున్నాను. పెళ్లికి పెట్టే ఖర్చులో డ్రోను ఒకటి తగ్గించి, ఆ డబ్బుతో అక్కడి లాయర్ని ఒక గంట సేపు మీరే అడగండి. దిగిన నెలలోనే లీజు మీద అమ్మాయి పేరు, ఉమ్మడి ఖాతాలో అమ్మాయి పేరు ఉండాలని అల్లుణ్ని అడగండి. అడగడానికి మొహమాటపడితే ముహూర్తం పెట్టుకోవడానికి ముందే మొహమాటపడండి. పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్టు ఆమె దగ్గరే ఉండాలి, నకళ్లు మీ బీరువాలో ఉండాలి. ఇంకో సంగతి ఆమెకు ఇప్పుడే చెప్పండి: హింస పెట్టే భర్త సంతకం లేకుండా ఐ-751 ఆమె ఒక్కతే పెట్టుకోవచ్చని 1990లోనే చట్టాన్ని సవరించారు. ఇంకా కార్డే రాని స్థితిలో ఉన్నా, పౌరుడైన భర్త హింసిస్తుంటే ఆయనకు తెలియకుండానే సొంతంగా దరఖాస్తు చేసుకునే హక్కు 1994 నుంచి ఉంది.